రెండో పక్క

మునికుమార్ ఇత్తడి దీపాల మీది దుమ్ము దులిపి, పసుపు దారాల గుత్తిని మేకుకు తగిలించి, ఆంప్లిఫయర్ స్విచ్చి వేశాడు. రేకు చూరు కింద కట్టిన స్పీకరు ఒకసారి గరగరలాడి గుడిగంట మోగించింది. గంట వెనకే హార్మోనియం, హార్మోనియం వెనకే ఆ గాయకుడు. గోవిందరాజస్వామి గుడి వీధిలో అందరికీ తెల్లవారినట్టే లెక్క.

ఆ పాటల పేరు 'మెట్లదారి పాటలు'. ఇప్పటి యజమాని మోహన్‌కృష్ణ వాళ్ళ నాయన క్యాసెట్ల కాలంలో మద్రాసు వెళ్ళి పాడించి తెచ్చిన ఆల్బం. సొంత సరుకు కాబట్టి ఈ అంగట్లో ఇంకో పాట మోగకూడదని ఆయన నియమం. ఆయన పోయాడు. క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చి అవీ పోయాయి, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో మోగుతోంది. నియమం మాత్రం కదల్లేదు. మీసం సరిగా రాని వయసులో ఇక్కడ చేరిన మునికుమార్‌కు తల నెరిసింది, పై పళ్ళు రెండు రాలాయి, నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు ముడులు పడ్డాయి. స్పీకరు ఎడమవైపు ఉండటంతో ఎడమ భుజం కాస్త పైకెత్తి నిలబడటం అలవాటైంది. ఆ భుజంతోనే చెవి మూసుకోబోతున్నట్టు ఉంటాడు. లోపల గాయకుడికి మాత్రం ఒక్క ఏడు కూడా పెరగలేదు. మూడో పాటలో పల్లవి అయ్యాక అతను చిన్నగా దగ్గుతాడు. అప్పట్లో తీసెయ్యడం మరిచారు. ఆ చోటు రాగానే మునికుమార్ కూడా తనకు తెలియకుండా దగ్గుతాడు. దాని మీద ఎదుటి పూలకొట్టు వాళ్ళు అతన్ని ఆటపట్టించడం కూడా పాతబడిపోయింది.

ఈ రోజు దగ్గు వచ్చింది, పోయింది, అతను దగ్గలేదు. మనసు ఇంటి దగ్గరే ఉండిపోయింది. పొద్దున చెప్పులు వేసుకుంటుంటే పంకజాక్షి తలుపు పట్టుకుని నిలబడి అడిగింది.

"ఏమయ్యా, ఈ పొద్దు రోంత బిన్నా వస్తావా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా త్వరగా రమ్మని అడిగిన రోజు లేదు. జ్వరం వచ్చినా, వాన ఇంట్లోకి వచ్చినా అడగలేదు. అతను వచ్చినప్పుడే వచ్చినట్టు, పోయినప్పుడే పోయినట్టు. కొన్ని నెలలుగా ఆమె గుండె బాగాలేదు. సాయంత్రమయ్యేసరికి పాదాలు ఉబ్బుతాయి, వంటగది నుంచి వాకిలి దాకా నడిస్తే గోడ పట్టుకుని ఆగాలి. ఆపరేషన్ తట్టుకునే ఒళ్ళు కాదు, మందులతోనే నెట్టుకురావాలి అని డాక్టరు చెప్పి పంపాడు. అందుకే ఆయాసంగా ఉందా అని అడిగాడు. కాదని తల ఊపింది. మరెందుకు అంటే, ఊరికేనే అంది. ఆ ఊరికేనే అన్న మాటకు ఆమె ముఖంలో కొంచెం సిగ్గు కూడా కనబడింది. అది చూసి అతను వస్తానన్నాడు. మాట ఇచ్చాడు కాబట్టి పొద్దుండగానే ఇల్లు చేరాలి. ఈ పూటకు అతనికి కావలసింది అదొక్కటే.

మోహన్‌కృష్ణ వచ్చాక మునికుమార్ సంగతి చెప్పాడు. మోహన్‌కృష్ణ చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు తనను ఎత్తుకుని తిరిగిన మనిషి అని మునికుమార్ మీద గౌరవం ఉంది. అయితే గౌరవం వేరు, అంగడి వేరు. వేసవి సెలవులు, కర్ణాటక బస్సులు దిగుతున్నాయి, మధ్యాహ్నం దాకా చూసుకుని అన్నం వేళకు పొమ్మన్నాడు. బస్సులు దిగాయి. కొండ మీదికి పోయేవాళ్ళు, కొండ దిగి వచ్చినవాళ్ళు, గుండు మీద గంధం ఆరనివాళ్ళు. పటాలు, దారాలు, చెక్కబొమ్మలు, కారు అద్దానికి తగిలించే చిన్న స్వామి. పెన్‌డ్రైవ్ కొనేవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా లేరు. అయినా పాట మోగుతూనే ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు యూనివర్సిటీ అమ్మాయిలిద్దరు ఫోను ముందుకు పట్టుకుని వచ్చారు. మీ జీవితంలో ఎక్కువసార్లు విన్న ఆల్బం ఏది అని వీధిలో కనబడినవాళ్ళనల్లా అడిగి వీడియో తీస్తున్నారు. పూలకొట్టామె తన పెళ్ళినాటి సినిమా పాటలు చెప్పి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆటో డ్రైవరు ఒక తమిళ సినిమా పేరు చెప్పి రెండు ముక్కలు పాడాడు కూడా. మునికుమార్ వంతు వచ్చేసరికి వేలెత్తి స్పీకరును చూపించాడు. అమ్మాయిలు పకపకా నవ్వారు. అంత ఇష్టమా అని జాహ్నవి అనే అమ్మాయి అడిగింది. గాలి ఇష్టమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తాం. పోనీ ఇంట్లో ఏం వింటారు అంది ఆ అమ్మాయి.

"మా ఇంట్లో పాటలుండవమ్మా," అన్నాడు మునికుమార్. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

గర్వపడటానికి కారణం ఉంది. వీధిలో తనలా రోజంతా నిలబడే మగవాళ్ళు ఇంటికి పోతే టీవీ, పిల్లల ఫోన్లు, పక్కింటి గొడవ. మునికుమార్ ఇంట్లో మాత్రం అడుగుపెట్టగానే చెవులకు చల్లటి నీళ్ళు పోసినట్టు ఉంటుంది. పంకజాక్షి కంచం నేల మీద పెట్టినా చప్పుడు కాదు. టీవీ ఉంది కానీ అందులో మనుషులు పెదవులు కదుపుతారు, అంతే. సీరియల్లో అత్త తిడుతోందో పొగుడుతోందో ఆమె ముఖాలు చూసే తెలుసుకుంటుంది. పిల్లలు పుట్టలేదు. ఆ మాట ఎత్తుకోవడం ఇద్దరూ ఏనాడో మానేశారు. ఇంత నెమ్మదైన ఆడమనిషి దొరకడం నీ అదృష్టం అని తోటివాళ్ళు అంటే అతను తల ఊపేవాడు. పంకజాక్షిని ఈ విషయం ఎవరూ అడగలేదు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన నగరి పిల్ల అంత నెమ్మదిగా ఎట్లా అయిందని కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

అన్నానికి పోయిన మోహన్‌కృష్ణ ఓ కునుకు తీసి వచ్చాడు. అప్పటికి నీడలు వీధికి అడ్డం పడుతున్నాయి. మునికుమార్ అడగలేదు. టిఫిన్ క్యారియర్ సంచి తీసుకుని మెట్టు దిగాడు.

"పోతాండానప్పా. ఇంట్లో రమ్మనింది."

మోహన్‌కృష్ణ ఒక క్షణం తెల్లబోయి, ఈ వయసులో ఏం కబురు మునన్నా అని నవ్వి, పో పో అన్నాడు.

కొర్లగుంటకు పోయే షేరు ఆటోలో మునికుమార్ అంచున కూర్చున్నాడు. వీధి మలుపులో తాటిముంజలు అమ్ముతున్నారు. పంకజాక్షికి ఇష్టం. దిగి తీసుకుందామా అనుకుని, దిగితే మళ్ళీ ఆటో దొరకడం ఆలస్యమని ఊరుకున్నాడు. తీరా సందు మొదట్లో దిగేసరికి అతనికి నవ్వొచ్చింది. ఎండ ఉండగా తన సందును చూసి ఎన్నాళ్ళయిందో. ఎదురింటి గోడకు నీలం రంగు వేశారన్న సంగతే అతనికి తెలియదు.

ఇంటి ముందుకు రాగానే పాట వినబడింది. పక్కింట్లోంచి అనుకున్నాడు. బావిలోంచి వస్తున్నట్టు అణిగిపోయి ఉంది. పక్కింటి చంద్రకాంతమ్మ తలుపుకు తాళం ఉంది. మునికుమార్ తన కిటికీ దగ్గరికి వెళ్ళి మూసిన రెక్కకు చెవి ఆనించాడు. మద్దెల, హార్మోనియం, జనం గోల. వాటి పైన ఎక్కడో ఎత్తులోంచి ఒక మగగొంతు, బొంగురుగా, రాగం చివర చీలిపోతూ. మామ వరదయ్య గొంతు అది. ఆయన చనిపోయి ఏళ్ళు గడిచిపోయాయి.

వరదయ్య నేతగాడు. ఏటా వేసవిలో నగరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగినప్పుడు మాత్రం మగ్గం దిగి అర్జునుడయ్యేవాడు. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసే రోజున తాటిమానంత పొడుగు కొయ్యను నిలబెడతారు. దాన్నే తపస్సు మాను అంటారు. వేషం కట్టిన మనిషి ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ దాని కొసకెక్కి, పైనుంచి నిమ్మకాయలూ విబూదీ విసురుతాడు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు తలస్నానం చేసి తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. వరపడటం అంటారు దాన్ని. తర్వాత లేచి ఆ నిమ్మకాయల కోసం కొంగు పడతారు. మొగుడు వెనక నిలబడాలి. పెళ్ళయిన రెండో ఏట పంకజాక్షి వరపడింది. వస్తానని చెప్పిన మునికుమార్ పోలేకపోయాడు. వేసవి రద్దీ, యజమాని కదలనివ్వలేదు. ఆ రోజు హార్మోనిస్టు తన టేపురికార్డరు మాను మొదట్లో పెట్టి అంతా క్యాసెట్టులో పట్టాడు. ఆ ఏడాదే దీపావళికి ముందు వరదయ్య ఊపిరితిత్తుల జబ్బుతో పోతే, హార్మోనిస్టు ఆ క్యాసెట్టు తెచ్చి పంకజాక్షి చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం మునికుమార్ ఇంటికి వచ్చేసరికి తమ టేపురికార్డరులో అది మోగుతోంది. అతని తలలో మెట్లదారి పాటలు ఇంకా ఆగలేదు. అన్నం పెట్టమన్నాడు. పంకజాక్షి కదలకుండా చెయ్యెత్తి, "నాయన మాను మీద ఉండాడు. దిగనీ, పెడతా," అంది. పొద్దస్తమానం అంగట్లో ఇదే గోల, ఇంటికొచ్చినా ఇదేనా అని అతను వంగి మీట నొక్కేశాడు. మద్దెల తెగిపోయింది. ఆమె లేచి అన్నం పెట్టింది. ఏడవలేదు, అలగలేదు. టేపురికార్డరు ఆ మర్నాటి నుంచి అతని కంట పడలేదు. గొడవ లేకుండా తేలిపోయింది కదా అనుకుని అతను మరిచిపోయాడు.

ఇప్పుడు మూసిన కిటికీ దగ్గర అదంతా గుర్తొచ్చి అతనికి ముఖం కాలినట్టయింది. సిగ్గేసింది. తలుపు చేరవేసే ఉంది. తోసుకుని లోపలికి పోతే తనను చూడగానే ఆమె ఉలిక్కిపడి ఆపేస్తుంది, అది ఖాయం. ఈ ఒక్కసారైనా ఆపించకూడదు అనుకున్నాడు. చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా వాకిలి మెట్టు మీద కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

వరదయ్య గొప్ప గాయకుడేం కాదు. పై స్థాయిలో శ్రుతి తప్పుతోంది. మెట్టుకు మెట్టుకు మధ్య ఆయాసపడుతున్నాడు. అయినా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తుకుంటున్నాడు. కింద జనం ఒక్కో మెట్టుకూ గోవిందా అంటున్నారు. అంగట్లో రోజూ వినే ఆ మాటే ఇక్కడ కొత్తగా ఉంది. మునికుమార్ ఎడమ భుజం తనంతట తాను కిందికి దిగింది. ఒక పాటను కూర్చుని విని ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు లేదు. ఈ పక్క అయిపోగానే లోపలికి పోయి, రెండో పక్క కూడా పెట్టు పంకజా, విందాం అని చెప్పాలనుకున్నాడు. ఆ మాట ఎట్లా అనాలో లోలోపల రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాడు. ఎట్లా అన్నా తన నోటికి అది కొత్తగానే ఉంది. మెట్టు మీద ఎండ పోయి నీడ వచ్చింది. అతనికి హాయిగా ఉంది.

వరదయ్య చివరి మెట్టెక్కి ఏదో అనబోతుండగా టేపు అయిపోయింది. మీట తన్నుకున్న చప్పుడు కూడా అణిగే వినబడింది. ఆమె లేచి తిప్పి పెడుతుందని మునికుమార్ కాచుకున్నాడు. ఆయాసం కదా, నెమ్మదిగా లేస్తుంది. కాచుకున్నాడు. సందులో ఎవరో బిందె దించారు. లోపలి నుంచి గాజుల చప్పుడు రాలేదు. కునుకు పట్టిందేమో అనుకుని, "పంకజా," అని మెల్లగా పిలిచి తలుపు తోశాడు.

పంకజాక్షి మంచం పక్కన నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుంది. ఒక చెయ్యి మంచం మీద ఉన్న గుడ్డల మూట మీద ఉంది. ఎదురుగా అతని కోసం కుర్చీ వేసి ఉంది. ముఖం కొంచెం పైకెత్తి, పైన ఎవరినో చూస్తున్నట్టే ఉంది. మునికుమార్ భుజం పట్టి కదిలిస్తే తల పక్కకు వాలింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

అతను ఆమె ముందు చతికిలబడి, ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. పాట పెట్టింది ఆమే కదా. అంటే అది మొదలైనప్పుడు ఉంది. ఆ తర్వాత ఎప్పుడో పోయింది. తను సందులోకి రాకముందో, మెట్టు మీద కూర్చుని మాటలు కూర్చుకుంటున్నప్పుడో. తలుపు తోసుకుని వచ్చి ఉంటే మంచినీళ్ళన్నా అడిగేదేమో. ఆ సంగతి చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. చెప్పిన మాట ప్రకారం బిన్నా వచ్చి, వాకిట్లోనే ఉండిపోయాడు. ఆ ఆలోచన వచ్చాక అతనికి ఏడుపు ఆగలేదు.

కొళాయి నుంచి తిరిగొచ్చిన చంద్రకాంతమ్మ ఆ ఏడుపు విని బిందె వాకిట్లోనే వదిలి లోపలికి వచ్చింది. చూడగానే తెలిసిపోయింది. ఆమె కనురెప్పలు వాల్చింది, కాళ్ళు సరిచేసింది, నగరిలో పంకజాక్షి తమ్ముడికి ఫోను చేయించింది. సందులో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడవారగా నిలబడ్డారు. పెద్దావిడ చంద్రకాంతమ్మ మునికుమార్ పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసింది.

"నువ్వు అంగడికి పోయినంక దినామూ పెట్టుకునేది నాయనా," అంది. "గుడ్డ చుట్టి పెట్టుకునేది. యాల అంటే, వీధిలో ఎవురన్నా ఇని నీతో అంటే నీకు తలనొప్పని. నువ్వొచ్చే యాళకు ఎత్తి పెట్టేసేది."

దినామూ అన్న మాట మునికుమార్ చెవిలో పడి లోపలికి పోవడానికి కొంతసేపు పట్టింది. చంద్రకాంతమ్మ ఇంకా చెప్తోంది. పొద్దున వాకిట్లో కలిసిందట. ఈ పొద్దు ఆయన్ని బిన్నా రమ్మన్నాను, వస్తే రెండో పక్క వినిపిస్తానక్కా, ఒక్కసారన్నా వినాల ఆయన, మళ్ళ నేనుంటానో లేదో అనిందట. అని, నవ్విందట.

మునికుమార్ లేచాడు. మంచం మీది మూట విప్పి టేపురికార్డరు బయటికి తీశాడు. మూలలు అరిగిపోయి, మీటల మీది అక్షరాలూ గుర్తులూ చెరిగిపోయి ఉన్నాయి. క్యాసెట్టు తీసి తిప్పాడు. ఇప్పుడెందుకన్నా అని ఎవరో ఆడమనిషి అంది.

"మామ మాను మీదనే ఉండాడమ్మా," అన్నాడు మునికుమార్. "దిగనీ."

మీట నొక్కాడు. గుడ్డ లేకపోవడంతో మద్దెల గది నిండా మోగింది. గోడవార ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. జనం అరుపులు, నిమ్మకాయలు పడుతున్న సందడి, పిల్లల తోపులాట. పైనుంచి వరదయ్య పద్యం మధ్యలో ఆపి, అర్జునుడి గొంతు వదిలి, సొంత గొంతుతో కేకేశాడు.

"పంకజా, కొంగు పట్టుమ్మా. అల్లుడు యాడ?"

టేపురికార్డరుకు బాగా దగ్గరగా, తడిసిన గొంతుతో, ఊపిరి నిండా ఉన్న ఒక చిన్న వయసు పిల్ల జవాబు చెప్పింది.

"అంగట్లో ఉండాడు నాయనా. వస్తాడు."

జనం నవ్వారు. హార్మోనియం మళ్ళీ అందుకుంది. వరదయ్య ఒక్కో మెట్టే పాడుకుంటూ దిగడం మొదలుపెట్టాడు. మునికుమార్ ఆమె వేసి ఉంచిన కుర్చీలో కూర్చుని, ఆయన కాలు నేలకు ఆనేదాకా విన్నాడు.

నగరి నుంచి తమ్ముడు వచ్చాక ఆమెను వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. అందరూ బయటే ఉన్నారు. లోపల మంచం మీద, టేపురికార్డరుకు చుట్టిన ఎర్ర గళ్ళ నగరి తువ్వాలు విప్పినట్టే పడి ఉంది. స్పీకరుకు ఒత్తుకుంటూ వచ్చిన చోట గుండ్రంగా రంగు వెలిసి, నూలు అరిగి, కిటికీ వెలుతురు అందులోంచి మంచం మీదికి దిగుతోంది.